పిల్లల సైన్స్ క్లబ్బుకి రెడీమేడ్ కిట్లా, విడి సామానా?

వారాంతపు_క్లబ్బు అడిగారు:

నమస్కారం అండీ. వారాంతాల్లో నడిచే ఒక పిల్లల క్లబ్బులో సైన్స్ భాగం నేను చూసుకుంటున్నాను. పదకొండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు ఇరవై మంది వస్తారు. నాతో పాటు ఇంకో వాలంటీరు ఉంటారు. దొరికేది గంటన్నర. పొడుగాటి బల్లలున్న హాలు, గోడకి రెండే ప్లగ్గులు.

ఈసారి సామాను కొనడానికి నిర్వాహకులు ఒప్పుకున్నారు. కేటలాగులు ముందేసుకుని కూర్చుంటే ఎటూ తేలడం లేదు. ఒకవైపు రోబో కిట్లు. పెట్టెలో అన్నీ ఉంటాయి, బొమ్మలతో పుస్తకం ఉంటుంది, బిగించాక నల్ల గీత వెంట దానంతటది నడుస్తుంది. ఇంకోవైపు తీగలు, అయస్కాంతాలు, ఎల్ఈడీ దీపాలు, కరెంటుని తగ్గించే రెసిస్టర్లు విడివిడిగా. వాటిని చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియడం లేదు.

నాకు రెండు బెంగలున్నాయి. ఇప్పటికే క్లబ్బులో కొన్ని రోబో కిట్లు ఉన్నాయి. పుస్తకంలో ఉన్నట్టు బిగించారు, నడిచింది, చప్పట్లు కొట్టారు, బీరువాలో పెట్టేశారు. "గీత ఎక్కడుందో దీనికెలా తెలుస్తోంది?" అని అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. ఇక రెండోది, నలుగురికో కిట్టు ఇస్తే స్క్రూడ్రైవరు ఒకరి చేతిలోనే ఉండిపోతుంది. నోటుబుక్కులో రాసే పని దాదాపు ప్రతిసారీ ఆడపిల్ల మీద పడుతోంది. అలా రాస్తూ కూర్చున్న పాప సైన్స్ నేర్చుకుంటోందని నేను అనుకోలేకపోతున్నాను.

పోనీ విడి సామానే కొందామంటే, నేను సైన్స్ చదివినదాన్ని కాదు. ఎవరిదైనా పనిచేయకపోతే ఏం చెప్పాలి? ఇరవై మందీ ఒకేసారి "నాది రావట్లేదు" అంటే? ఇలాంటివి నడిపిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

---

అట్టపెట్టె రాశారు:

రెడీమేడ్ కిట్లని మరీ తీసిపారేయకండి మేడమ్. నడిపేవాళ్లకి ధైర్యం చిక్కేదాకా అవి పనికొస్తాయి. కాకపోతే కొనేముందు రెండు విషయాలు చూసుకోండి. పోయిన చిన్న ముక్క ఒక్కటే విడిగా దొరుకుతుందా? దాని సాఫ్ట్‌వేరు లేకపోయినా ఆ మోటార్లు, సెన్సర్లు ఇంకోదానికి తగిలించుకోవచ్చా? పెద్ద పేరున్న వాటికి కూడా ఇది వర్తిస్తుంది. లెగో కంపెనీ రోబో కిట్టు మైండ్‌స్టార్మ్స్ 1998లో వచ్చింది, ప్రపంచమంతా వాడింది, 2022 చివరికి ఆ శ్రేణినే ఆపేశారు. కిట్టు ఆగిపోయినా సామాను బతకాలి.

---

తీగచుట్ట రాశారు:

చాలా ఏళ్లుగా ఇదే వయసు పిల్లలతో ఇదే పని చేస్తున్నాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను. ఓపిగ్గా చదవండి.

కిట్టా, విడి సామానా అని నేను చూడను. ఏ వస్తువు చేతికొచ్చినా ఒకటే అడుగుతాను: ఇది పనిచేయకపోతే, ఎందుకు పనిచేయలేదో ఆ పిల్లే కనుక్కోగలదా? కనుక్కోగలిగితే కొంటాను. మూసేసిన డబ్బాలో ఏదో జరిగి దీపం వెలగకపోతే పిల్ల చేయగలిగింది ఏముంది? మన మొహం చూస్తుంది. మనం ఇంకో డబ్బా ఇస్తాం. అక్కడ నేర్చుకున్నది ఏమీ లేదు.

చుట్ట మోటారుతో మొదలుపెట్టండి. ఒక పెన్సిల్ సెల్, రెండు పిన్నీసులు, ఒక నల్లటి అయస్కాంతం బిళ్ల, మోటార్లు చుట్టేవాళ్లు వాడే, కరెంటుని ఆపే ఇనామెల్ పూత ఉన్న రాగి తీగ మీటరులోపు, కొంచెం టేపు. తీగ అర మిల్లీమీటరు మందం ఉంటే బాగా నిలబడుతుంది. సెల్ మీదే పది పదిహేను చుట్లు చుట్టి, రెండు కొసలూ ఎదురెదురుగా చేతుల్లా బయటికి తీయాలి. పిన్నీసులు సెల్ రెండు చివర్లకీ టేపుతో నిలబెట్టి, అయస్కాంతం సెల్ మీద పెట్టి, వాటి రంధ్రాల్లో ఆ చేతులు పెడితే చుట్ట అయస్కాంతం పైన తేలుతున్నట్టు ఉంటుంది.

అసలు సంగతి గీకడంలో ఉంది. ఒక చేతి మీద ఇనామెల్ మొత్తం గరుకు కాగితంతో గీకేయాలి. రెండో చేతి మీద సగమే గీకాలి: చుట్టని నిలువుగా పట్టుకుని, పైకి కనిపించే సగం మాత్రమే. అలా గీకితే ప్రతి తిరుగుడులో సగం సేపే కరెంటు పారుతుంది. మిగతా సగం చుట్ట తన ఊపుతోనే తిరిగి మళ్లీ మొదటికి వస్తుంది. కరెంటు ఆగకుండా పారితే అయస్కాంతం ముందు తోసిన చుట్టనే తర్వాత వెనక్కి లాగుతుంది.

ఇప్పుడు ఇరవై మందీ "నాది రావట్లేదు" అంటారు. నిజంగానే అంటారు. కానీ ఎవరిది ఎలా రావట్లేదో చూడండి. ఒకరిది కదలనే కదలదు. ఇనామెల్ కూడా రాగి రంగులోనే మెరుస్తుంది కాబట్టి గీకకపోయినా గీకినట్టే కనిపిస్తుంది. ఇంకొకరిది అటూ ఇటూ ఊగి ఆగిపోతుంది. వాళ్లు రెండు చేతులూ మొత్తం గీకేశారు. మరొకరిది ఎన్నిసార్లు తిప్పినా ఒకే వైపు కిందికి వాలిపోతుంది. చుట్ట ఒకవైపు బరువెక్కింది, లేదా చేతులు మధ్య గీత మీద లేవు. ఒక్కో తప్పుకి ఒక్కో గుర్తు. పక్కపక్కన కూర్చున్న ఇద్దరి మోటార్లు రెండు రకాలుగా మొరాయిస్తుంటే, వాళ్లిద్దరూ మీ దగ్గరికి రాకముందే ఒకరిది ఒకరు చూసుకోవడం మొదలుపెడతారు. ఆ కాసేపు మీరు నోరు మెదపకండి. క్లబ్బు మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైన సమయం అదే.

మీరు సైన్స్ చదవలేదన్నారు కదా, దానికి ఒక ఉపాయం చెబుతాను. ముందే ఇంట్లో ఈ మూడు తప్పులూ కావాలని చేసి మూడు మోటార్లు తయారుచేసుకోండి. నాలుగోది సరిగ్గా తిరిగేది. వాటిని బల్ల మీద వరసగా పెట్టి, "మీది వీటిలో దేనిలా ఉంది?" అని అడగండి. మీరు జవాబు చెప్పాల్సిన పనిలేదు. తిరిగిన వాళ్లని అయస్కాంతం బోర్లించమనండి, అటువైపు తిరుగుతుంది. సెల్ తిప్పి పెట్టమనండి, అప్పుడూ మారుతుంది. రెండూ కలిపి తిప్పితే ఏమవుతుందో చేయకముందు చెప్పమనండి.

ఇక మీ రెండో బెంగ. మోటారు ఒక్కొక్కరికీ ఒకటి. గుంపుకి ఒకటి కాదు. ఖరీదైన ఐదు వస్తువుల కన్నా చిన్నవి ఇరవై ఎప్పుడూ మేలు అనేది నా గట్టి నమ్మకం, ఎందుకంటే చేతిలో సొంత తీగ ఉన్న పిల్లకి నోటుబుక్కు అప్పజెప్పడం ఎవరి తరమూ కాదు. అందరివీ తిరిగాక, ఎవరిది వాళ్లే రాసుకుంటారు.

లోలకం కూడా ఇలాంటిదే. దారం, కొన్ని ఇనుప నట్లు, ఒక స్టాప్‌వాచ్ చాలు. వేలాడే చోటు నుంచి బరువు మధ్యదాకా మీటరు ఉంటే ఒకసారి వెళ్లి రావడానికి దాదాపు 2 సెకన్లు, 25 సెంటీమీటర్లుంటే దాదాపు 1 సెకను. సగం సమయం కావాలంటే పొడవు నాలుగో వంతు చేయాలన్నమాట. ఒక ఊపు కొలిస్తే వేలు నొక్కడంలో తేడానే ఎక్కువ, కాబట్టి పది ఊపులు కొలిచి పదితో భాగించమనండి. ఆ తర్వాత బరువు పెంచితే ఏమవుతుందని అడగండి. చాలామంది నట్లని ఒకదాని కింద ఒకటి కట్టుకుంటూ పోతారు, సమయం పెరుగుతుంది, "బరువు పెరిగితే నెమ్మదిస్తుంది" అని ధీమాగా రాస్తారు. వెంటనే సరిదిద్దకండి. అన్ని నట్లూ ఒకే ఎత్తులో గుత్తిగా కట్టినవాళ్లకి సమయం మారదు. రెండు ఫలితాలూ బోర్డు మీద పక్కపక్కన రాసి, ఎందుకు కుదరలేదో వాళ్లనే తేల్చమనండి. కింద కింద కడుతూ పోతే పెరిగింది బరువొక్కటే కాదు, లోలకం పొడవు కూడా పెరిగిందని ఎవరో ఒకరు పట్టుకుంటారు. పట్టుకున్న పిల్ల మొహం చూడాలి!

ఎల్ఈడీలతో: రెండు పెన్సిల్ సెల్సుకి 3 వోల్టులు వస్తాయి. 100 ఓముల రెసిస్టర్ ఒకటి తగిలించి ఎర్ర ఎల్ఈడీ వెలిగించాలి. పొడుగు కాలు ప్లస్ వైపు ఉండాలి, తిరగేస్తే వెలగదు. తెల్లది విడిగా పెట్టినా వెలుగుతుంది, కాస్త మందంగా. ఇప్పుడు అదే రెసిస్టర్ తర్వాత ఎర్రదీ తెల్లదీ పక్కపక్కన, పొడుగు కాళ్లు ఒకచోట, పొట్టి కాళ్లు ఒకచోట కలిపితే ఎర్రది మాత్రమే వెలుగుతుంది. తెల్లది చెడిపోయిందంటారు. ఎర్రది తీసేయగానే వెలుగుతుంది. ఎర్రదానికి 2 వోల్టుల దగ్గరే సరిపోతుంది, తెల్లదానికి 3కి దగ్గరగా కావాలి. ఎర్రది వెలుగుతున్నంతసేపూ వోల్టేజి 2 దగ్గరే ఆగిపోతుంది.

దీన్ని మాటలతో చెప్పొద్దు, వోల్టులు కొలిచే మల్టీమీటరుతో చూపించండి. నా ఓటు అడిగితే మీ డబ్బులో పెద్ద ముక్క మల్టీమీటర్లకే వెళ్లాలి. నలుగురికి ఒకటి ఉన్నా చాలు. కరెంటు దారి తెగలేదంటే బీప్ మనే రకం తీసుకోండి. ఇనామెల్ గీకారో లేదో అదే చెబుతుంది. స్టాండ్లు, అట్టలు, డబ్బాలు కొనొద్దు, పోగుచేయండి. తీగ, సెల్స్, ఎల్ఈడీలు, గరుకు కాగితం లెక్కకి సగం ఎక్కువే తీసుకోండి. తప్పు చేయడానికి సరిపడా తీగ లేకపోతే పిల్లలు చేయి కదపడానికి భయపడతారు.

---

ఇరవైఐదు_దీపాలు రాశారు:

తీగచుట్ట గారు చెప్పిన మోటారు నేనూ చేయిస్తాను. కానీ ప్రోగ్రామ్ చేసుకునే బోర్డులు కూడా మూసేసిన డబ్బాలే అన్నట్టు వినిపిస్తోంది, అది ఒప్పుకోలేను.

మైక్రోబిట్ అనే చిన్న కంప్యూటరు బోర్డు తీసుకోండి. 2016లో బీబీసీ వాళ్లు బ్రిటన్‌లో పదకొండు పన్నెండేళ్ల పిల్లలకి ఉచితంగా పంచడానికే దాన్ని తయారుచేయించారు, అంటే సరిగ్గా మీ పిల్లల వయసే. ఐదు వరసల్లో ఐదేసి చొప్పున 25 ఎల్ఈడీలు, రెండు బటన్లు, ఊపునీ వంపునీ పసిగట్టే సెన్సరు బోర్డు మీదే ఉంటాయి. రెండు చిన్న సెల్స్‌తో నడుస్తుంది కాబట్టి మీ రెండు ప్లగ్గుల ఇబ్బంది లేదు. ప్రోగ్రామ్ ఎక్కించడానికి రెండు మూడు కంప్యూటర్లుంటే వంతులవారీగా సరిపోతుంది.

ప్రోగ్రామ్‌లో తప్పు కూడా వెతికి పట్టుకునే తప్పే. తెర మీద దిమ్మెలు పేర్చి ప్రోగ్రామ్ రాసే స్క్రాచ్ లాంటి భాషలో అయితే స్పెల్లింగు తప్పులు ఉండవు, మిగిలేవి ఆలోచనలో తప్పులే. నేను ఒక నియమం పెడతాను: నడిపే ముందు ఏమవుతుందో కాగితం మీద రాయాలి. రాసినదానికీ జరిగినదానికీ తేడా వచ్చిన చోట ఆగి, దిమ్మెలు ఒక్కొక్కటిగా వేలితో చదువుకుంటూ రావాలి.

లోలకానికే ఈ బోర్డు కట్టి ఊపండి. ఊపు గ్రాఫుగా తెర మీదికి వస్తుంది. స్టాప్‌వాచ్‌తో వచ్చిన సంఖ్యతో పోల్చుకోవచ్చు. అప్పుడది బొమ్మ కాదు, కొలిచే పరికరం.

ఇంకొకటి, ముందే తెలిస్తే ఒక పూట మిగులుతుంది. యూఎస్‌బీ కేబుళ్లలో చార్జింగుకి మాత్రమే పనికొచ్చేవి ఉంటాయి, డేటా తీగలు లోపల ఉండవు. బోర్డు వెలుగుతుంది, కంప్యూటరుకి మాత్రం కనపడదు. అన్నీ ముందే పరీక్షించి, మంచివాటికి రంగు టేపు చుట్టి పెట్టుకోండి.

---

చెరువునీళ్లు రాశారు:

అందరూ కరెంటు గురించే రాశారు కాబట్టి ఒక్క మాట. జీవశాస్త్రాన్ని మర్చిపోకండి. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం తయారుచేసిన ఫోల్డ్‌స్కోప్ మడతపెట్టే కాగితపు సూక్ష్మదర్శిని. దాని మీద వాళ్ల పరిశోధనా పత్రం 2014లో వచ్చింది. 140 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది, 2 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తేడా పట్టుకోగలదు. పిల్లలే మడిచి తయారుచేసుకుంటారు, ఎవరిది వాళ్లు ఇంటికి తీసుకెళ్తారు. ఒక చుక్క నిలవ నీళ్లలో ఈదే జీవుల్ని మొదటిసారి చూసిన పిల్లల్ని ఆ రోజు ఇంటికి పంపించడం కష్టం.

---

వారాంతపు_క్లబ్బు రాశారు:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్ అండీ. చుట్ట మోటారు ఇంట్లో చేసి చూశాను, తిరిగింది! తప్పు మోటార్లు కూడా సిద్ధం చేస్తున్నాను. ఊగి ఆగిపోయేదాన్ని చూశాకే సగం ఎందుకు గీకాలో నాకూ పూర్తిగా అర్థమైంది.

ఇంకా రెండు సందేహాలున్నాయి. కొంతమంది తమతో పాటు చిన్న తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ తీసుకొస్తారు, నాలుగైదేళ్లవాళ్లు. ఏ సామాను ప్రమాదం? రెండోది, బీరువాలో ఉన్న ఆ రోబో కిట్లని ఏం చేయమంటారు? అవి అలా పడి ఉండడం బాధగా ఉంది.

---

తీగచుట్ట రాశారు:

ముందు ఇరవైఐదు_దీపాలు గారికి: కొలిచే పరికరంగా వాడితే నాకూ అభ్యంతరం లేదండీ. కాగితం మీద ముందే రాయించే నియమం నేను కూడా తీసుకుంటున్నాను. మా మధ్య తేడా వరస గురించే. నా దగ్గర చేత్తో కొలవడం ముందు, బోర్డు తర్వాత.

మేడమ్, చిన్నపిల్లలు వచ్చే చోట రెండు వస్తువులు అసలు వద్దు. మొదటిది బటన్ సెల్. సన్నగా, మెరుస్తూ ఉంటుంది, నోట్లో పెట్టుకుంటారు. గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేయగలదు. తడి తగిలితే దానిలోంచి కరెంటు పారి, అక్కడ గాఢమైన క్షారం తయారవుతుంది. మింగినట్టు అనుమానమొచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఎల్ఈడీ పనికి రెండు పెన్సిల్ సెల్సు చెప్పింది అందుకే. రెండోది వెండిలా మెరిసే చిన్న నియోడిమియం అయస్కాంతాలు. రెండు మింగితే పేగుల గోడల్ని మధ్యలో నొక్కిపట్టి చిల్లులు పెడతాయి. నల్లటి ఫెర్రైట్ బిళ్లలు పెద్దవి తీసుకోండి. బలం తక్కువే, కానీ చుట్ట మోటారుకి చాలు.

చుట్ట తిరగకుండా సెల్‌కి అంటుకునే ఉంటే తీగ వేడెక్కుతుంది. వేళ్లతో పట్టుకునే ఉండొద్దనండి, ఆడనప్పుడు చుట్టని తీసి పక్కన పెట్టమనండి. తీగ ముక్కలూ ఎల్ఈడీ కాళ్లూ కత్తిరించేటప్పుడు ఎగిరి కళ్లలో పడతాయి, కళ్లద్దాలు తప్పనిసరి. చిన్న పెట్టెలా ఉండే 9 వోల్టుల బ్యాటరీలు ఉంటే వాటి తలకి టేపు అంటించి దాచండి. రెండు టెర్మినళ్లూ పక్కపక్కనే కాబట్టి ఏ తీగ ముక్క తగిలినా వేడెక్కి నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

ఇక బీరువాలో రోబోలు. వాటిని బయటికి తీయండి, మీ పిల్లలు చెప్పలేకపోయిన ఆ ప్రశ్నే వాళ్ల చేతికివ్వండి. గీతని పట్టే భాగంలో సాధారణంగా కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతి పంపే ఎల్ఈడీ ఒకటి, దాన్ని అందుకునే సెన్సరు ఒకటి పక్కపక్కన ఉంటాయి. తెల్లటి చోట కాంతి తిరిగొస్తుంది, నల్ల గీత మీద రాదు. రోబో ఆన్ చేసి బోర్లించి, ఫోన్ కెమెరాలోంచి చూడమనండి. చాలా ఫోన్లలో ఆ ఎల్ఈడీ ఊదా రంగులో వెలుగుతూ కనిపిస్తుంది. వెనక కెమెరాలో కనపడకపోతే ముందు కెమెరాతో చూడండి.

తర్వాత ఒక్కొక్కరికీ తెల్ల కాగితం ఇచ్చి, దొరికిన నల్ల పెన్నులన్నిటితో గీతలు గీయించండి: స్కెచ్ పెన్ను, మార్కరు, పెన్సిలు, ప్రింటరులో వచ్చిన గీత, నల్ల ఇన్సులేషన్ టేపు. అన్నీ మన కంటికి నలుపే. రోబో మాత్రం కొన్నిటి వెంట నడుస్తుంది, కొన్నిటిని అసలు గీతలే కావన్నట్టు దాటేస్తుంది. రంగు ద్రవాలతో చేసిన కొన్ని నల్ల సిరాలు ఇన్‌ఫ్రారెడ్‌ని పీల్చుకోవు, బొగ్గు పొడి కలిసినవి పీల్చుకుంటాయి. ఇది మీరు ముందే చెప్పేయకండి. ఏ గీత మీద నడిచింది, ఏది దాటేసింది అని పట్టిక వేయించండి. పనిచేసిన గీతలు చూసి పని చేయనివాటి గురించి వాళ్లేమంటారో విన్నాక, ఇక్కడ రాయండి. మా పిల్లల పట్టికతో పోల్చి చూస్తాను.